అవరోధాలు లేని కార్యాలయం

పాఠ్యాంశ నేపథ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 22 లక్షల 66 వేలు. వారిలో చదువుకొని, అర్హత సంపాదించి, ఉద్యోగాలలో చేరినవారు ఎందరో ఉన్నారు. ఉద్యోగం దొరికిన తరువాత కూడా వారిని గుమ్మం దగ్గరే నిలిపివేసే అడ్డంకులు ఏమిటో, వాటిని తొలగించే మార్గాలు ఏమిటో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

తూర్పు కనుమల పాదాల చెంత, విశాఖపట్నం నుండి అరకు లోయకు పోయే దారిలో ఉన్న పట్టణం శృంగవరపుకోట. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ ఊరి మీదుగా కొండలలోకి సాగిపోతుంది. చుట్టుపట్ల పల్లెలవారికీ, కొండల మీది గిరిజన గ్రామాలవారికీ ప్రభుత్వంతో ఏ పని పడినా రావలసిన ఊరు ఇదే. భూమి పత్రాలు, కుల ధ్రువపత్రాలు, పింఛన్లు, బ్యాంకు ఖాతాలు, రిజిస్ట్రేషన్లు మొదలైన వ్యవహారాలన్నీ ఇక్కడి కార్యాలయాల గడప దాటితేనే జరుగుతాయి.

రహదారి లేని కొండ గ్రామాల నుండి రోగులను డోలీలో మోసుకొని రావడం ఈ ప్రాంత ప్రజలకు తెలియని విషయం కాదు. అంత దూరం శ్రమపడి వచ్చిన మనిషికి కాళ్లలో సత్తువ లేకపోతే, కార్యాలయం ముందున్న మూడు మెట్లే మరొక కొండ అవుతాయి. పట్టణానికి సమీపంలోని పుణ్యగిరి కొండను భక్తుడు తన ఇష్టంతో ఎక్కుతాడు. ఎక్కలేనివాడు కింది నుండే నమస్కరించి తృప్తిపడవచ్చు. కార్యాలయపు మెట్టు విషయంలో అటువంటి స్వేచ్ఛ లేదు. ఆ మెట్టు ఎక్కలేనివాడికి రావలసిన పింఛను రాదు. ఆ కార్యాలయమే ఉద్యోగస్థలమైతే, జీవనాధారమే ప్రశ్నార్థకమవుతుంది.

లోపం ఎక్కడ ఉంది?

చక్రాల కుర్చీలో ఉన్న వ్యక్తి కార్యాలయంలోకి వెళ్లలేకపోతే, దానికి కారణం ఏమిటి? చాలాకాలం వరకు లోకం చెప్పిన సమాధానం ఒక్కటే: ఆ వ్యక్తి నడవలేడు కనుక. ఈ సమాధానం ప్రకారం లోపమంతా మనిషి శరీరంలోనే ఉంది. వైద్యం చేయించడం, అది ఫలించకపోతే జాలిపడడం తప్ప చేయదగినది ఏమీ లేదు.

ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ప్రపంచవ్యాప్తంగా వికలాంగులు సంఘటితమై ఈ ఆలోచనను ప్రశ్నించారు. గుమ్మం ముందు మెట్లకు బదులు వాలుబాట ఉంటే అదే వ్యక్తి అదే కుర్చీలో నిరాటంకంగా లోపలికి వెళ్తాడు. అతని కాళ్లలో ఏ మార్పూ రాలేదు. మారినది గుమ్మం మాత్రమే. కనుక అతనిని ఆపినది శరీరం కాదు, నిర్మాణం. కళ్లజోడు పెట్టుకొన్న గుమాస్తాను ఎవరూ వికలాంగుడు అనరు. అతని చూపులోని లోపాన్ని పూరించే సాధనం సర్వసాధారణమైపోయింది. తక్కిన లోపాల విషయంలో అటువంటి ఏర్పాటు సర్వసాధారణం కాలేదు. ఉన్న తేడా అంతే.

ఈ దృష్టినే 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక స్వీకరించింది. భారతదేశం 2007 అక్టోబరు 1న దానిని ధ్రువీకరించింది. అంతకుముందు దయగా భావించిన ఏర్పాట్లు ఆనాటి నుండి హక్కులుగా గుర్తింపు పొందాయి.

ఒక ఉద్యోగిని దినచర్య

కార్యాలయంలోని అవరోధాలను అర్థం చేసుకోవడానికి ఒక ఉద్యోగిని దినచర్యను ఊహించవచ్చు. ఆమె విజయనగరంలో పట్టా పుచ్చుకొని, పోటీ పరీక్షలో నెగ్గి, శృంగవరపుకోటలోని ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరిందని భావిద్దాం. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడడంతో ఆమె చక్రాల కుర్చీని ఉపయోగిస్తుంది. ఆమెకు లెక్కలు బాగా వచ్చు. దస్త్రాల నిర్వహణలో నేర్పు ఉంది. ఇవేవీ మొదటి రోజు ఉదయం ఆమెకు ఉపయోగపడవు. ఆమె ఎదుట మూడు మెట్లు ఉన్నాయి.

ఒక్కొక్క మెట్టు 15 సెంటీమీటర్ల ఎత్తు అనుకొంటే, మూడు మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు. వాలుబాట, అంటే ర్యాంపు, నిర్మించడానికి ఒక కొలత ఉంది. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆ లెక్కన 45 సెంటీమీటర్ల ఎత్తుకు 540 సెంటీమీటర్ల, అంటే దాదాపు పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. ఈ కొలత తెలియక చాలాచోట్ల ఆరేడు అడుగులలో నిటారుగా ర్యాంపు కట్టి పని అయిందనిపిస్తారు. అటువంటి దానిమీద మోటారుసైకిలు ఎక్కుతుంది గాని, చక్రాల కుర్చీ ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే వెనుకకు బోల్తాపడుతుంది. ర్యాంపుమీద నున్నని రాళ్లు పరిస్తే వానాకాలంలో జారుతుంది. రెండు పక్కలా పట్టుకొనేందుకు కమ్మీలు లేకపోతే ఊతకర్రలతో నడిచేవారికి అది ప్రమాదకరం. అన్నీ సరిగా ఉండి దాని ముందు స్కూటర్లు నిలిపితే, కట్టినా కట్టనట్లే.

ఆమె ఎలాగో లోపలికి వచ్చింది. తరువాత ద్వారం ఉంది. చక్రాల కుర్చీ సులభంగా పోవడానికి ద్వారం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. కుర్చీ పూర్తిగా వెనుకకు తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీస్థలం కావాలి. గదినిండా ఇనుప బీరువాలు, గోడవారన పాత దస్త్రాల మూటలు పేర్చిన కార్యాలయంలో ఆ స్థలం దొరకదు. బీరువాను రెండడుగులు పక్కకు జరపడానికి ప్రభుత్వ మంజూరు అక్కరలేదు. నలుగురు మనుషులు, పది నిమిషాల సమయం చాలు.

ఆమె పనిచేయవలసిన విభాగం మేడమీద ఉంటే ఏమి చేయాలి? లిఫ్టు లేని చిన్న కార్యాలయాలే ఎక్కువ. ఆ విభాగాన్ని కింది అంతస్తుకు మార్చడం అన్నిటికంటె తేలిక. మేడమీదికి ఆమెను మోసుకొనిపోవడానికి సహోద్యోగులు సిద్ధంగా ఉండవచ్చు. వారి సహృదయత మెచ్చదగినదే. కాని ప్రతిరోజూ ఇతరుల చేతులమీద పనికి వెళ్లవలసిరావడం ఆత్మాభిమానం గల ఏ ఉద్యోగికీ హితవు కాదు. వారు సెలవు పెట్టిన రోజు ఆమె కూడా సెలవు పెట్టవలసి వస్తుంది.

బయటకు కనబడని అవరోధం ఒకటి ఉంది. అది మరుగుదొడ్డి. ద్వారం ఇరుకు, లోపల ఒక మెట్టు, పట్టుకొనేందుకు ఆధారం లేదు. ఇటువంటిచోట పనిచేసే వికలాంగ మహిళలు ఉదయం నుండి సాయంత్రం వరకు మంచినీళ్లు తాగడం మానుకొంటారు. విజయనగరం జిల్లా మే నెల ఎండలో ఎనిమిది గంటలు నీరు తాగకుండా పనిచేయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అది క్రమంగా మూత్రపిండాల వ్యాధులకు దారితీస్తుంది. వెలుపలికి తెరుచుకొనే తలుపు, కుర్చీ ఎత్తులోనే ఉండే పీట, గోడకు బిగించిన రెండు కమ్మీలు, చేతికి అందే కుళాయి – ఈ నాలుగూ ఉంటే ఆమె ఆరోగ్యంగా ఉద్యోగం చేసుకోగలుగుతుంది.

ఈ ఉదాహరణ ఒక ముఖ్యమైన సత్యాన్ని తెలుపుతున్నది. సౌలభ్యం గొలుసు వంటిది. గొలుసులో ఒక్క లింకు తెగినా మిగిలినవన్నీ వ్యర్థం. ర్యాంపు ఉండి ద్వారం ఇరుకైతే ప్రయోజనం లేదు. ద్వారం విశాలమై మరుగుదొడ్డి అందకపోతే ఉద్యోగం సాగదు. అందువల్ల ప్రహరీ గేటు నుండి పనిచేసే బల్ల వరకు, బల్ల నుండి మరుగుదొడ్డి వరకు, అక్కడి నుండి మరల బస్సు ఆగేచోటు వరకు దారి మొత్తాన్ని ఒకటిగా ఆలోచించాలి.

చూపు, వినికిడి, బుద్ధి

వైకల్యం అనగానే చక్రాల కుర్చీ మాత్రమే జ్ఞాపకం రావడం పొరపాటు. చూపు లేనివారికి మెట్లు అవరోధం కావు. వరండాలో నిన్న లేని కుర్చీ నేడు అడ్డంగా ఉండడం వారికి అవరోధం. వస్తువులు ఎప్పుడూ ఒకేచోట ఉంటే వారు కార్యాలయమంతటా ఒంటరిగా తిరగగలరు. రైల్వే ప్లాట్‌ఫారాలపై పసుపుపచ్చని గరుకు పలకలను చాలామంది చూసి ఉంటారు. వాటిలో నిలువు గీతలున్నవి దారి చూపుతాయి. గుండ్రని బొడిపెలున్నవి ఆగమని హెచ్చరిస్తాయి. కార్యాలయాలలోనూ వాటిని అమర్చవచ్చు. మెట్ల అంచులకు ముదురు రంగు పట్టీలు వేస్తే మందదృష్టి గలవారికి మేలు కలుగుతుంది.

వినికిడి లేనివారికి భవనంలో ఏ అడ్డంకీ కనబడదు. వారికి అవరోధం మాటలోనే ఉంది. సమావేశంలో నోటితో చెప్పి ఊరుకొన్న ఆదేశం వారికి చేరదు. దానిని నాలుగు వాక్యాలలో రాసి ఇస్తే చేరుతుంది. ముఖం చూపుతూ నెమ్మదిగా మాట్లాడితే పెదవుల కదలికను బట్టి గ్రహించగలవారు ఉన్నారు. సైగల భాష తెలిసినవారు ఒక్కరున్నా పని మరింత సులభమవుతుంది. భారతీయ సైగల భాషలో పరిశోధనకు, శిక్షణకు 2015లో న్యూఢిల్లీలో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. అగ్నిప్రమాదాన్ని తెలిపే గంటతోపాటు వెలిగి ఆరే దీపం కూడా ఉండాలి. లేకుంటే గంట వినబడినవారు బయటపడతారు, వినబడనివారు లోపలే చిక్కుకొంటారు.

బుద్ధిమాంద్యం గలవారికి పనిని చిన్నచిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్కటి చేసి చూపితే శ్రద్ధతో నేర్చుకొంటారు. ఇటువంటి వారి శిక్షణకోసం సికింద్రాబాదులో 1984లో జాతీయ సంస్థ ఏర్పడింది. అక్కడ రూపొందిన బోధనా పద్ధతులు దేశమంతటా ఆచరణలోకి వచ్చాయి.

తెర చదివే తెలుగు

నేటి కార్యాలయంలో పని అధికభాగం కంప్యూటరుమీదే జరుగుతుంది. ఇది చూపు లేనివారికి పెద్ద అవకాశం. తెరమీది అక్షరాలను బిగ్గరగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కుర్రన్ 2006లో రూపొందించడం మొదలుపెట్టాడు. ఆయనకూ చూపు లేదు. ఇటువంటి సాధనాల సహాయంతో అంధులు ఉత్తరాలు రాస్తున్నారు, లెక్కలు సరిచూస్తున్నారు, ప్రోగ్రాములు సైతం రచిస్తున్నారు.

అయితే ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. యూనికోడ్ పద్ధతిలో టైపు చేసిన తెలుగును మాత్రమే యంత్రం తెలుగుగా గుర్తించి చదవగలదు. అచ్చుపనికోసం తయారైన పాత ఫాంట్లలో టైపు చేస్తే, కంటికి అందమైన తెలుగు కనబడుతుంది. యంత్రానికి మాత్రం అర్థం లేని రోమను అక్షరాల గుంపు వినబడుతుంది. కాగితాన్ని ఫొటో తీసి పంపిన ఉత్తర్వు కూడా అంతే. అందులోని అక్షరాలు యంత్రానికి అక్షరాలుగా కాక, కేవలం బొమ్మగా కనబడతాయి. ఒకే ఉత్తర్వును యూనికోడ్‌లో టైపు చేసి పంపితే అంధుడైన ఉద్యోగి ఇతరులతో సమానంగా చదువుకొంటాడు. ఫొటోగా పంపితే ఇతరులను ప్రాధేయపడవలసి వస్తుంది. టైపు చేసేవారికి ఈ రెండింటి నడుమ శ్రమలో భేదం స్వల్పం. ఉద్యోగి గౌరవంలో భేదం అపారం.

చట్టం ఏమి చెబుతున్నది?

వికలాంగులకు సమానావకాశాలు కల్పించడానికి 1995లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అందులో ఏడు రకాల వైకల్యాలకు గుర్తింపు, ప్రభుత్వోద్యోగాలలో 3 శాతం రిజర్వేషను ఉన్నాయి. దాని స్థానంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో రూపొంది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. గుర్తింపు పొందిన వైకల్యాలు 21కి, రిజర్వేషను 4 శాతానికి పెరిగాయి.

ఈ చట్టంలో రెండు అంశాలు కార్యాలయాలకు ముఖ్యమైనవి. ఒకటి, ఉద్యోగి అవసరాన్ని బట్టి పనిస్థలంలో సముచితమైన సర్దుబాటు చేయడం. యజమానిపై మోయలేని భారం పడనంతవరకు ఈ సర్దుబాటు నిరాకరించరాదు. రెండవది, ఉద్యోగంలో ఉండగా వైకల్యం సంభవించిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పనికి అతడు తగకపోతే అదే వేతనంతో మరొక పనిలో నియమించాలి.

ఈ విషయంలో తెలుగునాట జరిగిన ఒక వ్యాజ్యం గమనింపదగినది. రోడ్డు రవాణా సంస్థలో పనిచేస్తున్న ఒక బస్సు డ్రైవరుకు వర్ణాంధత్వం ఉన్నదని తేలడంతో సంస్థ అతనిని ఉద్యోగం నుండి పంపివేసింది. రంగులను గుర్తించలేనివాడు బస్సు నడపడం ప్రమాదమే. కాని అతడు చేయగల పనులు ఇతరత్రా ఎన్నో ఉన్నాయి. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఈ వాదనను అంగీకరించి, అతనికి తగిన ప్రత్యామ్నాయ ఉద్యోగం కల్పించాలని తెలంగాణ రోడ్డు రవాణా సంస్థను ఆదేశించింది. ఒక పని చేయలేకపోవడం ఏ పనీ చేయలేకపోవడం కాదని ఈ తీర్పు సారాంశం.

బహిరంగ స్థలాలను అందరికీ అందుబాటులోకి తేవడానికి కేంద్రప్రభుత్వం 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ అభియాన్ ప్రారంభించింది. ర్యాంపులు, ద్వారాలు మొదలైనవాటికి సంబంధించిన ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరి నియమాలు కావాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అవకాశం లభిస్తే

అవరోధం తొలగితే మనిషి ఎంత ఎదుగుతాడో చెప్పడానికి తెలుగువారిలోనే ఉదాహరణలు ఉన్నాయి. పసితనంలోనే పోలియో సోకిన సూదిని జైపాల్ రెడ్డి ఊతకర్రల సహాయంతో నడుస్తూనే శాసనసభకు, పార్లమెంటుకు పలుమార్లు ఎన్నికయ్యారు. కేంద్రమంత్రిగా పనిచేశారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందారు.

కృష్ణా జిల్లాలో మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ జన్మతః అంధుడు. పదవ తరగతి పూర్తిచేసి ఇంటర్మీడియెట్‌లో గణితం, విజ్ఞానశాస్త్రం చదవాలని కోరుకొన్నాడు. అంధులకు ఆ అవకాశం లేదని సమాధానం వచ్చింది. అతడు న్యాయస్థానాన్ని ఆశ్రయించి అనుమతి సాధించాడు. పాఠాలను శబ్దరూపంలో విని, 98 శాతం మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టభద్రుడై తిరిగివచ్చి, 2012లో హైదరాబాదు కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. పర్యావరణానికి హాని చేయని ప్యాకింగు సామగ్రిని తయారుచేసే ఆ సంస్థలో వికలాంగులకు ఉద్యోగాలు కల్పించాడు. శ్రీకాంత్‌కు చూపు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మారినది నియమం, దానితోపాటు పాఠం అందే తీరు.

ఇటువంటి విజేతలను మెచ్చుకొని ఊరుకోవడం చాలదు. అసాధారణమైన పట్టుదల గలవారు మాత్రమే అవరోధాలను దాటగలిగితే, సాధారణ ప్రతిభ గలవారి గతి ఏమిటి? సాధారణ ప్రతిభ గల ఇతరులు ఎందరో కార్యాలయాలలో ప్రశాంతంగా ఉద్యోగాలు చేసుకొంటున్నారు. వికలాంగులకూ ఆ మాత్రపు ప్రశాంతత దక్కాలి.

అందరికీ మేలు

ఈ ఏర్పాట్లకు ధనం ఎక్కడిదని ప్రశ్నించేవారు ఉంటారు. పునాది వేసేటప్పుడే ఆలోచిస్తే ర్యాంపుకు, వెడల్పయిన ద్వారానికి అయ్యే అదనపు వ్యయం స్వల్పం. కట్టిన తరువాత పగులగొట్టి మార్చడమే ఖర్చుతో కూడిన పని. ఇక బీరువా జరపడం, విభాగాన్ని కిందికి మార్చడం, ఆదేశాన్ని రాసి ఇవ్వడం, యూనికోడ్‌లో టైపు చేయడం వంటివి ఖర్చు లేనివి. వీటికి కావలసినది శ్రద్ధ మాత్రమే.

పైగా ఈ సౌకర్యాలు ఏ ఒక్కరివో కావు. ర్యాంపుమీద చక్రాల కుర్చీతోపాటు పింఛనుకు వచ్చిన వృద్ధుడు, నెలలు నిండిన గర్భిణి, కాలు బెణికిన యువకుడు, బరువైన దస్త్రాల పెట్టె మోసుకొచ్చే బంట్రోతు కూడా నడుస్తారు. పెద్ద అక్షరాల సూచిక చత్వారం వచ్చిన ప్రతివారికీ ఉపకరిస్తుంది. వార్ధక్యం ఎవరినీ విడిచిపెట్టదు. నేడు మెట్లమీద పరుగెత్తేవారికీ ఒకనాడు కమ్మీ ఆధారం కావలసి ఉంటుంది.

వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని కాలానుగుణంగా పేర్లు మారుతూ వచ్చాయి. గౌరవప్రదమైన పేరు మంచిదే. కాని పేరు మారి మెట్టు మారకపోతే ఆ గౌరవం గుమ్మం బయటే నిలిచిపోతుంది. నేటి విద్యార్థులే రేపటి గుమాస్తాలు, ఇంజనీర్లు, అధికారులు. భవనపు నమూనా గీసేవారూ, దానిపై సంతకం చేసేవారూ వారే. శృంగవరపుకోటలో రేపు కట్టబోయే ఒక కార్యాలయం ముందు మూడు మెట్లు మాత్రమే ఉండాలా, వాటి పక్కన పద్దెనిమిది అడుగుల వాలుబాట కూడా ఉండాలా అన్నది వారి చేతిలో ఉంది.

కఠిన పదాలకు అర్థాలు

అవరోధం = అడ్డంకి
నిరాటంకంగా = అడ్డు లేకుండా
ఒడంబడిక = ఒప్పందం
దస్త్రం = కార్యాలయపు కాగితాల కట్ట
హితవు = ఇష్టమైనది, మేలైనది
వర్ణాంధత్వం = రంగుల భేదాన్ని గుర్తించలేకపోవడం
వ్యాజ్యం = న్యాయస్థానంలో వివాదం
చత్వారం = నడివయస్సులో దగ్గరి వస్తువులు సరిగా కనబడకపోవడం
వార్ధక్యం = ముసలితనం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. సౌలభ్యం గొలుసు వంటిది అనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా నిరూపించండి.
2. వికలాంగుల హక్కుల చట్టం కార్యాలయాలపై ఉంచిన బాధ్యతలను వివరించండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. యూనికోడ్ తెలుగు అంధులైన ఉద్యోగులకు ఎలా ఉపకరిస్తుంది?
2. వినికిడి లేనివారికి కార్యాలయంలో ఎదురయ్యే అవరోధాలు ఏవి?
3. మీ కళాశాల గేటు నుండి తరగతి గది వరకు ఉన్న అవరోధాలను పరిశీలించి, వాటిని తొలగించే మార్గాలు సూచించండి.

III. విడదీసి, సంధి పేరు తెలపండి.
1. వికలాంగులు 2. వర్ణాంధత్వం 3. ఆత్మాభిమానం 4. ప్రభుత్వోద్యోగం